ఇంగ్లిష్ పదాల కోసం ఏ పేపర్ చదవాలి? నల్లగొండ, పాలమూరు అభ్యర్థులకు ఒక పోలిక

నల్లగొండ గ్రంథాలయంలో పేపర్ల బల్ల దగ్గర ఒక తమ్ముడు కలిశాడు. ఊరు చింతపల్లి మండలంలో. ఇక్కడ రూమ్ తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ముందర ది హిందూ, పక్కన లావుపాటి లాంగ్ నోట్‌బుక్. "అన్నా, రెండు నెలల సంది రోజూ ఎడిటోరియల్ చదువుతున్న. పదాలన్నీ రాసుకుంటున్న. ఏం గుర్తుంటలేదు. పేపర్ మార్చాల్నా?" అని అడిగాడు. నోట్‌బుక్ తీసుకుని తిరగేశాను. రోజుకు ముప్పై నలభై పదాలు, ఎదురుగా తెలుగు అర్థాలు, చక్కని రాత. మూడో పేజీలో ఎగ్జాసర్బేట్ అనే పదం ఉంది. పదకొండో పేజీలో మళ్లీ అదే పదం, కొత్త పదంలాగే. ఇరవై ఆరో పేజీలో ఇంకోసారి. మూడు చోట్లా అదే అర్థం, 'తీవ్రతరం చేయు' అని, అంతే శ్రద్ధగా రాసి ఉంది.

కష్టపడటంలో ఆ అబ్బాయి ఏ లోటూ చేయలేదు. తాను రాసే పరీక్షకు ఏ పేపర్ పనికొస్తుంది, అందులో ఏ పేజీ చదవాలి, రోజుకు ఎన్ని పదాలు పట్టుకోవాలి అన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నాకూ అప్పట్లో ఎవరూ చెప్పలేదు. నా మొదటి బ్యాంకు పరీక్షకు ముందు ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఇచ్చిన పదాల పుస్తకం మొత్తం బట్టీ పట్టాను. తీరా క్లోజ్ టెస్ట్ (ప్యాసేజీలో ఖాళీలు ఇచ్చి, సరిపోయే పదం నింపమనే ప్రశ్న) వచ్చేసరికి ఆప్షన్లన్నిటి అర్థాలూ తెలుసు, ఆ ఖాళీలో ఏది సరిపోతుందో తెలియలేదు. ఆ పరీక్ష పోయింది. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ పరీక్ష ఏదో చూసుకోండి

పేపర్ సంగతి తర్వాత. అసలు మీరు రాసే పరీక్షలో ఇంగ్లిష్ ఉందా, ఉంటే ఎలాంటి ప్రశ్నలు వస్తాయి అన్నది మొదట తేల్చుకోవాలి. రైల్వే ఎన్‌టీపీసీ (టెక్నికల్ కాని ఉద్యోగాల పరీక్ష) మాత్రమే రాసేవాళ్లకు ఇంగ్లిష్ సెక్షనే లేదు. గ్రామీణ బ్యాంకుల పరీక్షలో ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ ఉండదు, మెయిన్స్‌లో ఇంగ్లిష్, హిందీల్లో ఒకటి ఎంచుకోవాలి. (రైల్వే బోర్డునూ ఆర్‌ఆర్‌బీ అంటారు, గ్రామీణ బ్యాంకునూ ఆర్‌ఆర్‌బీ అంటారు. ఈ రెంటినీ కలిపేసుకుని తప్పు సిలబస్ చదివేవాళ్లు ప్రతి సంవత్సరం కనిపిస్తారు.) ఇవే మీ పరీక్షలైతే రోజూ గంట సేపు ఇంగ్లిష్ పేపర్‌తో కుస్తీ పట్టడం కంటే ఆ గంట లెక్కలకు, రీజనింగ్‌కు ఇవ్వడం మేలు.

ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) సంగతి వేరు. వాళ్ల డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్ టైర్-1లో, అంటే మొదటి దశలో, ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు రాస్తే అర మార్కు కోత. టైర్-2లో 45 ప్రశ్నలు, 135 మార్కులు. ఒక్కో ప్రశ్న మూడు మార్కులు కాబట్టి నాలుగైదు పదాలు తెలిసినా తెలియకపోయినా ర్యాంకు ఎక్కడికో పోతుంది. కానీ ఇక్కడొక మెలిక ఉంది. ఎస్‌ఎస్‌సీ వాళ్లు పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, ఇడియమ్స్, వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్, స్పెల్లింగ్ విడివిడిగా అడుగుతారు. అందులో చాలా పదాలు రోజువారీ పేపర్‌లో నెలకోసారి కూడా కనిపించవు. పక్షులను పెంచే చోటును ఏమంటారు, చేతిరాత అందంగా రాసే కళను ఏమంటారు, ఇలాంటివి ఏ సంపాదకీయంలో దొరుకుతాయి? కాబట్టి ఎస్‌ఎస్‌సీ వాళ్లకు నా సలహా సూటిగా ఒకటే: పాత ప్రశ్నపత్రాలు ముందు, పేపర్ తర్వాత. అడిగిన పదాలే మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంటాయి. ఇంగ్లిష్‌కు గంటన్నర ఇవ్వగలిగితే గంట పాత పేపర్లకు, అరగంట న్యూస్‌పేపర్‌కు. ఆ అరగంట కాంప్రహెన్షన్‌కు, క్లోజ్ టెస్ట్‌కు పనికొస్తుంది.

బ్యాంకు వాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాలకు పరీక్ష పెట్టే సంస్థ) క్లర్క్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30 మార్కులు, 20 నిమిషాలు. ఇందులో పదం ఒంటరిగా రావడం తక్కువ. ప్యాసేజీ ఇచ్చి అందులోని పదానికి దగ్గరి అర్థం అడుగుతారు, వాక్యంలో పదాల చోటు మార్చి సరిచేయమంటారు, ఖాళీ ఇచ్చి నింపమంటారు. ఇరవై నిమిషాల్లో పెద్ద ప్యాసేజీ చదివి, అర్థం చేసుకుని, జవాబులు పెట్టాలంటే చదివే వేగం ఉండాలి. ఆ వేగం పదాల పుస్తకంతో రాదు. రోజూ పేపర్ చదివినవాళ్లకే వస్తుంది.

గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ 150 మార్కుల క్వాలిఫైయింగ్ పేపర్. ఆ మార్కులు ర్యాంకుకు కలపరు. కానీ అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కలోకి రావు. సివిల్స్‌లో కూడా ఇంగ్లిష్ 300 మార్కుల అర్హత పేపర్, 25 శాతం రావాలి. ఈ రెంటికీ కష్టమైన పదాలు అక్కర్లేదు. తెలిసిన మాటలతో తప్పు లేని వాక్యం రాయడం కావాలి, ప్రెసీ, అంటే సారాంశం, రాయడం రావాలి. తెలుగు మీడియం వాళ్లు ఇక్కడే భయపడతారు, ఆ భయంతోనే పెద్ద పెద్ద పదాల వెంట పడతారు. మీరు చేయాల్సింది ఒక మామూలు వార్తను తీసుకుని మూడో వంతుకు కుదించి మీ మాటల్లో రాయడం. వారానికి రెండు రాసినా చాలు, రెండు నెలల్లో చెయ్యి తిరుగుతుంది.

పేపర్లలో ఏది?

ఎవరిని అడిగినా హిందూ అనే చెబుతారు. 1878లో మద్రాసులో మొదలైన పేపర్, భాష శుభ్రంగా ఉంటుంది, రోజూ రెండు సంపాదకీయాలు వస్తాయి, వాదన ఒక క్రమంలో సాగుతుంది. బ్యాంకు పరీక్షల్లో ఇచ్చే ప్యాసేజీల తీరుకు బాగా దగ్గరగా ఉంటుంది. ఇవన్నీ నిజమే. కానీ వాక్యాలు పొడుగు. ఒక వాక్యంలో రెండు మూడు ఉపవాక్యాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. పైగా విషయం కూడా కొత్తదై ఉంటుంది. ఏదో దేశంలో ఎన్నికల గురించో, ద్రవ్య విధానం గురించో రాస్తే, విషయమూ తెలియక, పదమూ తెలియక చదివేవాడు రెండు వైపులా కొట్టుకుపోతాడు. గ్రంథాలయంలో కలిసిన తమ్ముడికి జరిగింది ఇదే.

అందుకే నేను ఎవరికైనా మొదట ఒక చిన్న పరీక్ష పెడతాను. ఏ పేపరైనా తీసుకోండి, ఒక వార్తలో మొదటి వంద పదాలు లెక్కపెట్టండి. అందులో మీకు తెలియనివి ఎన్ని? నాలుగైదు లోపు అయితే ఆ పేపర్ మీకు సరైనది. పది దాటితే ఆ పేపర్‌ను నాలుగు నెలలు పక్కన పెట్టండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. ఇది ఏ పరిశోధనో చెప్పిన సూత్రం కాదు, ఎంతోమందితో కూర్చుని చదివించాక నాకు కుదిరిన కొలత.

పది దాటేవాళ్లకు తెలంగాణ టుడే గానీ, ది హన్స్ ఇండియా గానీ మంచి మొదలు. తెలంగాణ టుడే 2016లో, హన్స్ ఇండియా 2011లో హైదరాబాద్ నుంచి మొదలయ్యాయి. వీటిలో మన రాష్ట్రం వార్తలు ఎక్కువ. ధాన్యం కొనుగోళ్లు, సాగర్ నీళ్లు, జూరాల వరద, గురుకులాల వార్తలు ఉంటాయి. విషయం మీకు ముందే తెలుసు కాబట్టి తెలియని పదం కూడా వాక్యంలో తన అర్థం తానే చెబుతుంది. 1938 నుంచి వస్తున్న డెక్కన్ క్రానికల్ కూడా చదవడానికి తేలికే, కానీ అందులో హైదరాబాద్ సిటీ వార్తలు, సినిమా పేజీలు ఎక్కువ. అవి చదివితే పొద్దు పోతుంది గానీ పరీక్షకు కలిసొచ్చేది తక్కువ. టైమ్స్ ఆఫ్ ఇండియాలో హెడ్డింగులు మాటల గారడీతో ఉంటాయి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు అది రుచి, నేర్చుకునేవాళ్లకు తలనొప్పి.

మధ్య మెట్టు మీద ఉన్నవాళ్లకు ది న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ చెబుతాను. ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. 'ఎక్స్‌ప్రెస్‌లో ఎక్స్‌ప్లెయిన్డ్ పేజీ బాగుంటుంది, చదవండి' అని వీడియోల్లో చెబుతుంటారు. వార్త వెనక సంగతి విడమరిచి చెప్పే ఆ పేజీ వచ్చేది ది ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో, అది ఢిల్లీ, ముంబై వైపు వచ్చే పేపర్. మన దగ్గర బస్టాండు పక్కన షాపులో దొరికేది ది న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్. ఒకప్పుడు రెండూ ఒకటే సంస్థ, ఇప్పుడు వేరు వేరు. ఆ పేజీ కోసం ఈ పేపర్ కొని, ఎక్కడుందా అని వెతుక్కున్నవాళ్లు నాకు తెలుసు. ఎక్స్‌ప్లెయిన్డ్ కావాలంటే ఆన్‌లైన్‌లోనే చదవాలి.

అచ్చు పేపర్ వేయించుకునే ముందు ఏజెంట్‌ను రెండు సంగతులు అడగండి. మీ వీధికి ఆ పేపర్ రోజూ వస్తుందా, ఎన్ని గంటలకు వస్తుంది? నల్లగొండ, మహబూబ్‌నగర్ టౌన్లలో ఇబ్బంది లేదు. దేవరకొండ అవతల, అచ్చంపేట, మక్తల్ వైపు ఊళ్లలో ఒక్క ప్రతి కోసం ఎవరూ తెచ్చివ్వరు. మధ్యాహ్నం బస్సులో వచ్చే పేపర్ సాయంత్రం చదువుదామనుకుంటే, రెండు రోజులు చదువుతారు, మూడో రోజు నుంచి మడత విప్పరు. అలాంటి చోట ఫోనే దిక్కు.

వడ్లు తడిసిన వార్త

ఇప్పుడు అసలు పని ఎలా చేయాలో ఒక ఉదాహరణతో చూపిస్తాను. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాలో తప్పకుండా వచ్చే వార్త: అకాల వర్షానికి కొనుగోలు కేంద్రంలో వడ్లు తడిసిపోవడం. మిర్యాలగూడ, నకిరేకల్, హాలియా వైపు వాళ్లకు ఈ బాధ ఒకరు చెప్పనక్కర్లేదు. ముందు తెలుగు పేపర్‌లో ఆ వార్త చదవండి. ఐకేపీ (మహిళా సంఘాలు నడిపే) కొనుగోలు కేంద్రంలో కుప్పలు పోసి పదిహేను రోజులైంది, లారీలు రాలేదు, గన్నీ సంచులు లేవు, రాత్రి వాన పడింది, తేమ 17 శాతం దాటిందని కాంటా వేయడం లేదు, రైతులు రోడ్డు మీద కూర్చున్నారు. మొత్తం కళ్ల ముందు కనపడుతుంది.

అదే రోజు ఇంగ్లిష్ పేపర్ తీయండి. కొనుగోలు కేంద్రం అక్కడ ప్రొక్యూర్‌మెంట్ సెంటర్ అవుతుంది. తేమ మాయిశ్చర్ కంటెంట్ అవుతుంది. అకాల వర్షాలు అన్‌సీజనల్ రెయిన్స్. కల్లంలో పెట్టుకోలేక మిల్లర్ చెప్పిన రేటుకు తెగనమ్ముకోవడం డిస్ట్రెస్ సేల్. రాస్తారోకో చేసిన రైతులు ప్రొటెస్ట్ స్టేజ్ చేశారని రాస్తారు. స్టేజ్ అంటే వేదిక అని మాత్రమే తెలిసినవాడికి ఇక్కడ అది క్రియగా, ప్రొటెస్ట్‌తో జతగా కనిపిస్తుంది. ఈ జతే ముఖ్యం. తర్వాత రెండు మూడు రోజులకు అదే విషయం మీద ఒక వ్యాసం రావచ్చు. అందులో ఇలాంటి వాక్యం ఉంటుంది: లారీల కొరత రైతుల డిస్ట్రెస్‌ను ఎగ్జాసర్బేట్ చేసింది.

ఇక్కడ ఆ తమ్ముడి నోట్‌బుక్‌లో మూడుసార్లు వచ్చి మూడుసార్లూ జారిపోయిన పదం మళ్లీ ఎదురైంది. 'తీవ్రతరం చేయు' అని రాసుకుంటే అది ఎందుకు నిలవలేదంటే, ఆ తెలుగు మాట కూడా మనం ఇంట్లో వాడేది కాదు. రాని పదానికి రాని పదమే అర్థంగా రాసుకున్నట్టయింది. ఎగ్జాసర్బేట్ అంటే పుండు మీద కారం చల్లడం. అప్పటికే ఉన్న బాధను ఇంకా పెంచడం. వడ్లు తడవడం ఒక బాధ, లారీ రాకపోవడం దాని మీద కారం. ఇలా ఒకసారి తడిసిన వడ్ల కుప్పతో కలిపి చూస్తే ఆ పదం ఇక ఎక్కడికీ పోదు. ఇంకో మెట్టు పైకి వెళ్లండి: ఈ పదం దేనితో జత కడుతుంది? కొరత, సంక్షోభం, టెన్షన్, నొప్పి, ఇలాంటి చెడ్డవాటితోనే. సంతోషాన్ని ఎగ్జాసర్బేట్ చేసిందని ఎవరూ రాయరు. క్లోజ్ టెస్ట్‌లో ఖాళీ పక్కన మంచి మాట ఉంటే ఈ ఆప్షన్ అక్కడికక్కడే కొట్టేయొచ్చు. నా మొదటి పరీక్షలో నాకు లేనిది ఈ తెలివిడే. దీనికి ఎదురు పదాలు అలీవియేట్, మిటిగేట్. టార్పాలిన్లు ఇచ్చి, లారీలు పంపి బాధ తగ్గించారనుకోండి, అప్పుడు ఈ పదాలు వస్తాయి. ఒక్క వార్తతో పరీక్షకు పనికొచ్చే పదాలు మూడు, వాటి జతలతో సహా చేతికొచ్చాయి. ఆ రోజుకు ఇంకో మూడు చాలు.

పాలమూరు వాళ్లకు ఇలాంటిదే వలస. పని కోసం ముంబై, పుణె వెళ్లే కుటుంబాలు మైగ్రంట్లు. దేశం విడిచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు మన వైపు నుంచి చూస్తే ఎమిగ్రంట్లు, అక్కడి వాళ్ల వైపు నుంచి చూస్తే ఇమిగ్రంట్లు. ఎస్‌ఎస్‌సీ వాళ్లకు ఇష్టమైన జంట ఇది. నారాయణపేట, కొడంగల్ వైపు ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి మనిషిని తలచుకుంటే పదం గుర్తొస్తుంది.

కొన్ని పదాలు మాత్రం రాసుకోకుండా వదిలేయండి. ఆయకట్, ఖరీఫ్, లాక్, క్రోర్, పోడు లాంటివి మన ఇంగ్లిష్ పేపర్లలో నిత్యం కనిపిస్తాయి. అవి మన మాటలే, ఇంగ్లిష్ బట్టలు వేసుకున్నాయి. వార్త అర్థం కావడానికి పనికొస్తాయి, పరీక్షలో రావు.

ఏ పేజీ?

హెడ్డింగుల నుంచి గ్రామర్ నేర్చుకోకండి. జరిగిపోయిన సంగతిని వర్తమానంలో రాస్తారు, జరగబోయేదానికి 'టు' పెడతారు. 'సీఎం టు విజిట్ నల్లగొండ' అంటే రాబోతున్నారని. మధ్యలో ఉండాల్సిన సహాయక క్రియ చోటు కోసం ఎగిరిపోయింది. దీన్నే వాక్యమనుకుని లెటర్ రైటింగ్‌లో రాస్తే మార్కు పోతుంది. కానీ హెడ్డింగుల్లో పొట్టి పదాలు కొన్ని ఉంటాయి, అవి బంగారం. రో అంటే వరుస అని మనం నేర్చుకున్నాం. పేపర్‌లో 'రో ఓవర్ వాటర్' అంటే నీళ్ల మీద గొడవ. ఈ అర్థంలో పలికేటప్పుడు 'రౌ' అనాలి. ప్రోబ్ అంటే దర్యాప్తు, నాబ్ అంటే పట్టుకోవడం, మల్ అంటే ఆలోచిస్తూ ఉండటం. ఇవి పదిహేను ఇరవై ఉంటాయి, నెల రోజుల్లో అన్నీ కళ్లకు అలవాటవుతాయి.

మొదటి రెండు నెలలు రాష్ట్రం పేజీ, తర్వాత రెండు నెలలు బిజినెస్ పేజీ, ఆ తర్వాతే సంపాదకీయం. బ్యాంకు వాళ్లకు బిజినెస్ పేజీ రెండు విధాలా లాభం, బ్యాంకింగ్ అవేర్‌నెస్ కూడా అందులోనే దొరుకుతుంది. రెపో రేటు, లిక్విడిటీ, డిఫాల్టర్, ఇలాంటి మాటలు ఇంటర్వ్యూ దాకా వెంట వస్తాయి. ఒకే పదం రెండు పేజీల్లో రెండు అర్థాలతో కనిపిస్తే ఆగి చూడండి. జిల్లా వార్తల్లో రోడ్డు సాంక్షన్ అయిందంటే మంజూరైందని. అంతర్జాతీయ పేజీలో ఒక దేశం మీద సాంక్షన్స్ అంటే ఆంక్షలు. ఒకటి తలుపు తీయడం, ఇంకొకటి తలుపు మూయడం. ఓవర్‌సైట్ కూడా ఇంతే: పర్యవేక్షణ అనీ అర్థం, చూడక జరిగిన పొరపాటు అనీ అర్థం. పదాల పుస్తకంలో ఇవి ఒకదాని కింద ఒకటి చప్పగా ఉంటాయి. పేపర్‌లో ఎదురైతే మనసులో నాటుకుంటాయి.

పేపరా, ఫోనా, పీడీఎఫా?

ఫోన్‌లో చదవడం తప్పని నేను అనను. ఊళ్లో పేపర్ రానివాళ్లకు అదే దారి. కానీ పేపర్ చదువుదామని ఫోన్ తీసి పదో నిమిషంలో రీల్స్‌లో తేలడం మన అందరికీ అనుభవమే. ఫోన్‌లో చదివేటప్పుడు డేటా ఆపి, ముందే తెరిచిపెట్టుకున్న వార్త చదవండి. ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్‌లో ఇంగ్లిష్ బులెటిన్ ఉచితంగా వినొచ్చు. పదం ఎలా పలకాలో తెలియని మనలాంటి తెలుగు మీడియం వాళ్లకు పది నిమిషాల బులెటిన్ చాలా మేలు చేస్తుంది. ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ప్రకటనలు కూడా ఉచితమే గానీ అవి ఆఫీసు భాషలో ఉంటాయి. కరెంట్ అఫైర్స్‌కు సరే, పదాలకు వద్దు.

ఇక టెలిగ్రామ్ గ్రూపుల్లో రోజూ వచ్చే 'ఈ రోజు ఎడిటోరియల్ పదాలు' పీడీఎఫ్‌లు. ఎవరో చదివి, ఎవరో ఏరి, అర్థాలు రాసి పంపుతారు. డౌన్‌లోడ్ చేయగానే చదివేసినంత తృప్తి కలుగుతుంది, ప్రమాదం అక్కడే ఉంది. పదాన్ని దాని వాక్యంలో మీరే చూసి, అర్థం ఊహించి, తర్వాత డిక్షనరీలో సరిచూసుకున్నప్పుడు పడే ఆ ఒక్క నిమిషం కష్టమే పదాన్ని నిలబెడుతుంది. ఆ కష్టం వేరేవాళ్లు పడితే పదం వాళ్లకే మిగులుతుంది. ఆదివారం ఒకసారి చూసి, వారంలో మీరు వదిలేసిన మంచి పదం ఏదైనా ఉందేమో సరిచూసుకోవడానికి మాత్రం ఆ పీడీఎఫ్ వాడుకోండి.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు గ్రంథాలయాన్ని మరిచిపోవద్దు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే ఆ బల్ల మీద పేపర్ మీ ఇంట్లోవాళ్లు కట్టిన డబ్బుతో వచ్చిందే. మీకు కావాల్సిన ఇంగ్లిష్ పేపర్ అక్కడ లేకపోతే నలుగురు కలిసి లైబ్రేరియన్‌కు కాగితం రాసివ్వండి. రూమ్‌లో ముగ్గురు నలుగురు ఉంటే ఒక పేపర్ కలిసి వేయించుకోవడం ఇంకా మంచిది. భోజనం దగ్గర ఒకరు పదం చెబితే ఇంకొకరు వాక్యం చెప్పాలి. హాస్టల్ రోజుల్లో మేము అన్నం కలుపుకుంటూ నేర్చుకున్న పదాలు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి.

నోట్‌బుక్ సంగతి

రోజుకు ఆరు పదాలు. అంతకు మించి వద్దు. నెలకు పాతిక రోజులు చదివినా 150, ఆరు నెలలకు 900. నిలిచిన 900 పదాలు ఏ పరీక్షకైనా గట్టి బలం. రోజుకు నలభై రాస్తే నోట్‌బుక్కులు నిండుతాయి, ఎగ్జాసర్బేట్ మళ్లీ ఇరవై ఆరో పేజీలో కొత్తగా కనిపిస్తుంది.

రాసేటప్పుడు పదాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయండి. మనలో చాలామందికి పలుకుబడి కోసం తెలుగు లిపిలో రాసుకునే అలవాటు ఉంది. అలా రాస్తే స్పెల్లింగ్ కళ్లకు ఆనదు. ప్రిన్సిపల్ అని తెలుగులో ఒకేలా రాస్తాం. చివర ఏ-ఎల్ వస్తే కాలేజీ ప్రిన్సిపల్, లేదా ముఖ్యమైనది. ఎల్-ఇ వస్తే సూత్రం. స్టేషనరీ కూడా అంతే: ఏ-ఆర్-వై వస్తే కదలకుండా ఉన్నది, ఇ-ఆర్-వై వస్తే పెన్నులు, కాగితాలు. అకామడేట్‌లో రెండు సీలు, రెండు ఎమ్‌లు. తెలుగు లిపిలో రాసుకున్నవాడికి ఇవేవీ కనపడవు, ఎస్‌ఎస్‌సీ మాత్రం సరిగ్గా ఇవే అడుగుతుంది. పలుకుబడి కావాలంటే వినండి, రాసుకోవద్దు.

పదం పక్కన పేపర్‌లోని వాక్యం, దాని కింద మీ ఊరి సంగతితో మీరు తయారుచేసిన ఇంకో వాక్యం. అర్థం పేజీ వెనక్కి రాయండి, ఎదురుగా వద్దు. ఎదురుగా ఉంటే కన్ను ముందే అర్థం మీద పడుతుంది, గుర్తుందో లేదో తేలదు. మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి చూసుకోండి. నాలుగోసారి కూడా గుర్తురాని పదాన్ని చివరి పేజీలో వేరే రాసుకోండి. ఆ చివరి పేజీయే పరీక్షకు ముందు మీ అసలు పుస్తకం.

ఇంతకీ ఎవరికి ఏది?

తెలుగు మీడియం, బ్యాంకు క్లర్క్ లక్ష్యం, ఇంకా ఏడెనిమిది నెలల టైమ్ ఉంది: ఒక తెలుగు పేపర్, దాంతో పాటు తెలంగాణ టుడే లేదా హన్స్ ఇండియా, నాలుగు నెలల తర్వాత హిందూ. ఎస్‌ఎస్‌సీ, నాలుగు నెలలే ఉంది: పాత ప్రశ్నపత్రాలు, అరగంట న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్. ఇంగ్లిష్ మీడియంలో చదివి, వంద పదాల్లో రెండు మూడే తెలియనివాళ్లు నేరుగా హిందూ సంపాదకీయానికి వెళ్లొచ్చు, రాష్ట్రం పేజీ అక్కర్లేదు. గ్రూప్-1 వాళ్లకు ఏ పేపరైనా ఒకటే, రోజూ రాయడం ముఖ్యం. ఉద్యోగం చేస్తూ చదివే అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, పొద్దున బస్సులో వెళ్లేవాళ్లు ఉంటారు. వాళ్లు ఒక్క వార్త, మూడు పదాలు అనుకుంటే చాలు. నల్లగొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే లోపు ఒక వార్త రెండుసార్లు చదవొచ్చు.

రెండు ఇంగ్లిష్ పేపర్లు, మూడు ఇంగ్లిష్ పేపర్లు వేయించుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఒకే వార్తను మూడు ఇంగ్లిష్ పేపర్లలో చదివే టైమ్ పరీక్ష రాసేవాళ్లకు ఉండదు. పేపర్ల గుట్ట పెరిగేకొద్దీ ఈ రోజుది పూర్తి కాలేదన్న దిగులు పెరుగుతుంది, ఆ దిగులుతోనే చాలామంది రెండో నెలలో మానేస్తారు.

గ్రంథాలయంలో ఆ తమ్ముడితో ఆ రోజే హిందూ మడత పెట్టించి, తెలంగాణ టుడేలో ధాన్యం వార్త ఒకటి తీయించాను. వాళ్ల నాన్న కూడా ఆ వారమే కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసి కాచుకుని ఉన్నాడట. వార్త చదువుతూ ప్రొక్యూర్‌మెంట్ దగ్గర ఆగి, "ఇది మా నాయన సంగతే కదన్నా" అన్నాడు. ఆ రోజు నోట్‌బుక్‌లో ఐదు పదాలే రాశాడు, ఐదింటికీ వాళ్ల ఊరి వాక్యాలు రాశాడు. లారీ రాలేదన్న వాక్యంలో ఎగ్జాసర్బేట్ పెట్టి, సరిగ్గా ఉందా అని నన్ను అడిగాడు. ఉంది.

పరీక్షకు ఇరవై రోజులు ఉందనగా కొత్త పదాలు ఆపేయండి. పేపర్ మాత్రం ఆపొద్దు. అప్పుడు వేగం కోసం చదవాలి: ఒక సంపాదకీయం, ఫోన్‌లో ఐదు నిమిషాలు టైమర్, అయ్యాక పేపర్ మూసి అందులో ఏం చెప్పారో రెండు వాక్యాల్లో తెలుగులోనైనా సరే పైకి చెప్పండి. మిగిలిన టైమ్ నోట్‌బుక్ చివరి పేజీకి, పాత ప్రశ్నపత్రాలకు. పరీక్ష ముందు రోజు ఆ చివరి పేజీ ఒక్కటే చింపి జేబులో పెట్టుకోండి. సెంటర్ హైదరాబాద్‌లో పడితే నల్లగొండ నుంచి వంద కిలోమీటర్ల ప్రయాణం ఉంటుంది, బస్సులో చూసుకోవడానికి అది చాలు.